జబ్బు పేరు తెలిసేదాకా ఆగకండి: లినీ సిస్టర్‌ను తలుచుకుంటూ నర్సుల బహిరంగ లేఖ

ఆరోగ్యశాఖ ఉన్నతాధికారులకు, ప్రభుత్వ, ప్రైవేటు ఆస్పత్రుల యాజమాన్యాలకు

అయ్యా, అమ్మా, నమస్కారం.

ఏటా మే 12న ఆస్పత్రుల్లో నర్సుల దినోత్సవం జరుపుతారు. కొవ్వొత్తి వెలిగిస్తారు, ప్రతిజ్ఞ చేయిస్తారు, ఇద్దరు ముగ్గురికి శాలువాలు కప్పుతారు. ఆ గౌరవానికి కృతజ్ఞతలు. ఆ రోజే మా వినతిపత్రం కూడా తీసుకుంటారు. దానికి రసీదు వస్తుంది, జవాబు రాదు. అందుకే ఈసారి అందరూ చదివేలా రాస్తున్నాం.

మే 12 తర్వాత తొమ్మిది రోజులకు మే 21 వస్తుంది. 2018లో ఆ రోజున కేరళలో లినీ పుతుస్సేరి అనే నర్సు నిపా వైరస్ సోకి చనిపోయారు. కోళికోడ్ జిల్లా పేరాంబ్రా తాలూకా ఆస్పత్రిలో ఆమె డ్యూటీ. పర్మినెంటు ఉద్యోగం కాదు. ఇద్దరు కొడుకులు. పెద్దవాడికి ఐదేళ్లు, చిన్నవాడికి రెండేళ్లు. తనకు ఏం సోకిందో అనుమానం రాగానే తనను వేరుగా ఉంచమని ఆమే అడిగారు. గల్ఫ్‌లో పనిచేసే భర్తకు ఐసొలేషన్ నుంచి ఒక చీటీ రాశారు, పిల్లల్ని జాగ్రత్తగా చూసుకోమని. వైరస్ ఇంకొకరికి అంటకూడదని భౌతికకాయాన్ని ఇంటికి తేకుండానే దహనం చేశారు. ఆ పిల్లలకు తల్లి కడచూపు దక్కలేదు.

మరుసటి ఏడాది ఆమెకు మరణానంతరం జాతీయ ఫ్లోరెన్స్ నైటింగేల్ పురస్కారం ఇచ్చారు. కేరళ ప్రభుత్వం భర్తకు ఉద్యోగం, పిల్లలకు చెరి 10 లక్షల రూపాయలు ఇచ్చి ఆదుకుంది. అది జరగవలసిన పనే, జరిగింది.

మేం అడిగేది మాత్రం అంతకు ముందు జరగవలసిన దాని గురించి. ఆ నిపా వ్యాప్తిలో మొదటి రోగికి లినీ సేవ చేసింది మే మొదటి వారంలో. అది నిపా అని ప్రయోగశాల తేల్చేసరికి ఇంకో రెండు వారాలు గడిచాయి. ఆమె అతన్ని తాకిన రాత్రి అతను జ్వరంతో వచ్చిన ఒక రోగి, అంతే. వార్డులో ఎప్పుడైనా ఇదే వరస. రోగి ముందు వస్తాడు, జబ్బు పేరు తర్వాత వస్తుంది. ఆ మధ్య రోజుల్లో అతనికి డ్రిప్ పెట్టేది, వాంతి పట్టేది, తడిసిన దుప్పటి మార్చేది నర్సులు, ఆయాలు. ప్రభుత్వ లెక్క ప్రకారమే ఆ వ్యాప్తిలో 17 మంది చనిపోయారు. మొదటి రోగిని తప్పిస్తే మిగతా వారికి మనుషుల నుంచే సోకింది, అందులోనూ ఎక్కువగా ఆస్పత్రుల్లోనే. 2001లో సిలిగురిలో నిపా వచ్చినప్పుడూ సోకినవారిలో ఎక్కువమంది ఆస్పత్రి సిబ్బంది, రోగుల్ని చూడవచ్చినవారే. అంటే నర్సుకు రక్షణ లేని వార్డులో పక్క మంచం రోగికీ, అతని కోసం క్యారియర్ తెచ్చిన భార్యకూ రక్షణ లేదు. మా డిమాండ్లను ఈ దృష్టితో చదవమని మనవి.

1. రక్షణ సామగ్రికి, రిపోర్టుకు ముడిపెట్టొద్దు.

చాలాచోట్ల ఎన్95 మాస్కులు స్టోరులో తాళం వేసి ఉంటాయి. రిపోర్టు పాజిటివ్ అని వచ్చాకే ఇండెంటు (సామగ్రి కోరుతూ స్టోరుకు రాసే చీటీ) మీద సంతకం పడుతుంది. అప్పటికి రెండు మూడు షిఫ్టుల వాళ్లు ఆ రోగిని ఉత్త చేతులతో చూసేసి ఉంటారు. నిపా సోకిన మనిషికి లక్షణాలు బయటపడడానికి మామూలుగా 4 నుంచి 14 రోజులు పడుతుంది. తనకు అంటిందని తెలియకుండానే నర్సు ఇంటికి పోతుంది, పిల్లలకు అన్నం పెడుతుంది.

లక్షణాన్ని బట్టి సామగ్రి ఇవ్వండి. జ్వరంతో పాటు దగ్గు ఉన్నా, జ్వరంతో పాటు మనిషి తికమకగా, మగతగా ఉన్నా ఓపీ గుమ్మంలోనే రోగికి మాస్కు పెట్టాలి, వేరే బెంచీ మీద కనీసం ఒక మీటరు ఎడంగా కూర్చోబెట్టాలి. ఆ రోగిని తాకే ప్రతి ఒక్కరికీ గ్లౌజులు, తడి పీల్చని గౌను, కళ్లకు అడ్డు, మాస్కు ఉండాలి. గొంతులో గొట్టం వేసేటప్పుడు, కఫం లాగేటప్పుడు సన్నని తుంపర లేస్తుంది కాబట్టి అక్కడ ఎన్95 తప్పనిసరి.

ఎన్95 కొంటే సరిపోదు. అంచులు ముఖానికి అతుక్కుంటేనే అది పనిచేస్తుంది. ముక్కు మీది పట్టీ నొక్కి, మాస్కును రెండు చేతులతో కప్పి గట్టిగా ఊదితే పక్కల నుంచి గాలి తగలకూడదు. టెండరులో ఒకే సైజు కొని అందరికీ పంచుతున్నారు. చిన్న ముఖం ఉన్నవారికి బుగ్గల దగ్గర సందు మిగులుతుంది, గాలి ఆ సందులోంచే పోతుంది. కనీసం రెండు సైజులు కొనండి, ఎవరికి ఏది సరిపోతుందో ఒకసారి చూసి పేరు పక్కన రాసిపెట్టండి.

వేసుకునేటప్పటి కంటే తీసేటప్పుడే చేతులకు అంటుకునే ప్రమాదం ఎక్కువ. ముందు గ్లౌజులు, తర్వాత వెనక పట్టీ పట్టుకుని కళ్లద్దాలు, ఆ తర్వాత లోపలి వైపు బయటికి వచ్చేలా చుట్టుకుంటూ గౌను, గది దాటి వచ్చాక చివరగా మాస్కు, అదీ ముందు భాగం తాకకుండా పట్టీలతో. ప్రతి మెట్టు మధ్యా చేతులు శుభ్రం చేసుకోవాలి. హ్యాండ్ రబ్ అయితే 20 నుంచి 30 సెకన్లు, సబ్బూ నీళ్లూ అయితే 40 నుంచి 60 సెకన్లు. ఇదంతా చేయడానికి ఒక చోటు కావాలి. గది బయట కొళాయి, మూత ఉన్న డబ్బా, ఒక అద్దం, తీసే క్రమం బొమ్మలతో గోడ మీద. చోటు లేకపోతే గౌను వరండాలో విప్పుతారు, ఆ వరండాలో రోగుల బంధువులు పడుకుని ఉంటారు.

ఇండెంటు ఎంత పెట్టాలో కూడా లెక్క చెబుతాం. ఐసొలేషన్‌లో ఒక్క రోగి ఉంటే నర్సు, డాక్టరు, ఆయా, ఎక్స్‌రే మనిషి కలిపి రోజుకు 20 సార్లు లోపలికి వెళ్తారనుకోండి. 20 గౌన్లు, 20 జతల గ్లౌజులు పోతాయి. వారానికి 140. వారానికి 30 గౌన్లు పంపి సర్దుకోమంటే, వాడిన గౌనునే మేకుకు తగిలించి మళ్లీ తొడుక్కుంటారు. మళ్లీ తొడుక్కునేటప్పుడు మురికి వైపు మెడకు తగులుతుంది.

2. సూది గుచ్చుకుంటే మందు రెండు గంటల్లో చేతికి అందాలి.

హెపటైటిస్ బి టీకా వేసుకోని నర్సుకు, ఆ వైరస్ ఉన్న రక్తపు సూది గుచ్చుకుంటే సోకే అవకాశం 6 నుంచి 30 శాతం. హెపటైటిస్ సికి 1.8 శాతం దాకా, హెచ్ఐవికి సుమారు 0.3 శాతం. మొదటిదాన్ని ఆపే టీకా ఉంది. 0, 1, 6 నెలల్లో మూడు డోసులు. మూడో డోసు తర్వాత నెల రెండు నెలలకు రక్తంలో యాంటీబాడీ చూడాలి, మిల్లీలీటరుకు 10 మిల్లీ యూనిట్లు (mIU), ఆపైన ఉంటే రక్షణ ఉన్నట్టు. కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ వాళ్లకు, ఆయాలకు, చెత్త ఎత్తేవాళ్లకు ఈ టీకా చాలాచోట్ల వేయరు. చెత్త సంచిలో దాగిన సూది ముందు గుచ్చుకునేది వాళ్లకే.

గుచ్చుకోవడం ఎక్కువగా రెండు చోట్ల జరుగుతుంది. వాడిన సూదికి మూత పెట్టబోయినప్పుడు ఒకటి, నిండిపోయిన డబ్బాలోకి సూదిని కుక్కేటప్పుడు ఒకటి. సూదుల తెల్ల డబ్బా ముప్పావు వంతు నిండగానే మార్చాలి, ఇంజెక్షన్ ట్రేతో పాటు మంచం దగ్గరికే రావాలి. వార్డుకు ఒక్క డబ్బా, అదీ నర్సుల గది మూల ఉంటే, సూది పట్టుకుని 30 అడుగులు నడవాలి. అంత దూరం నడవలేకే మూత పెట్టబోతారు.

గుచ్చుకున్నాక పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు, స్పిరిటు, బ్లీచింగు పోయకూడదు. సబ్బుతో, పారే నీళ్లతో కడగాలి. హెచ్ఐవి రాకుండా వేసే మందు వీలైతే రెండు గంటల్లో మొదలవ్వాలి, 72 గంటలు దాటితే ఫలితం ఉండదు, 28 రోజులు ఆపకుండా వేసుకోవాలి. ఈ మందు ఉండే గదికి సాయంత్రం తాళం పడుతుంది. శనివారం రాత్రి గుచ్చుకుంటే సోమవారం ఉదయం దాకా ఆగమంటున్నారు. అప్పటికే 36 గంటలు పోతాయి. క్యాజువాల్టీ అల్మరాలో మొదటి మూడు రోజుల మోతాదు ఎప్పుడూ ఉంచండి, డ్యూటీ డాక్టరు సంతకంతో ఇచ్చేలా ఉత్తర్వు ఇవ్వండి. గుచ్చుకున్న సంగతి చెప్పినవారికి మెమో ఇవ్వకూడదని కూడా ఆ ఉత్తర్వులో రాయండి. మెమో భయంతో దాచిపెట్టినవారికి మందు పడదు.

3. రాత్రి ఒక నర్సుకు ఎంతమంది రోగులో మీరే లెక్కకట్టండి.

40 మంచాల వార్డు, రాత్రికి ఇద్దరు నర్సులు, 12 గంటలు. ఇద్దరివీ కలిపి 1,440 నిమిషాలు. ఒక్కో రోగి వాటాకు 36 నిమిషాలు వస్తుంది, అదీ తెల్లారేదాకా ఇద్దరూ నీళ్లు తాగకుండా, బాత్రూముకు పోకుండా ఉంటే. మూడుసార్లు బీపీ, నాడి, జ్వరం, శ్వాస చూసి రాయడానికి 15 నిమిషాలు. రెండు విడతల మందులకు, ఇంజెక్షన్లకు ఇంకో 15. మిగిలింది 6 నిమిషాలు. ఆ ఆరింటిలోనే తర్వాతి షిఫ్టుకు అప్పగింత (హ్యాండోవర్), కేస్ షీటు, డ్రిప్ మార్చడం, చేతులు కడగడం. కొత్త అడ్మిషన్ ఒకటి వస్తే అరగంట పోతుంది, అది ఐదారుగురి వాటా నుంచి తీయాల్సిందే.

రోగికి ఏమవుతుందో చెబుతాం. వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఒక గ్రాము డ్రిప్‌లో కనీసం గంట సేపు ఎక్కాలి, తొందరపడితే ముఖం, మెడ, ఛాతీ ఎర్రబడి బీపీ పడిపోవచ్చు. రక్తం ఎక్కించేటప్పుడు మొదటి 15 నిమిషాలు నర్సు మంచం దగ్గర నుంచి కదలకూడదు, ప్రమాదకరమైన రియాక్షన్ ఎక్కువగా కనిపించేది అప్పుడే. కదల్లేని రోగిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే నడుము కింద పుండు పడుతుంది. కాన్పు అయిన తల్లికి మొదటి రెండు గంటలు ప్రతి 15 నిమిషాలకూ పొట్ట మీద చెయ్యి పెట్టి గర్భసంచి గట్టిగా ఉందో లేదో చూడాలి, గుడ్డ ఎంత తడిసిందో చూడాలి. ఒక్కో తల్లికి ఎనిమిది సార్లు. ఒకే రాత్రి మూడు కాన్పులు వెంటవెంటనే అయితే 24 సార్లు. గర్భసంచి మెత్తబడితే నొప్పి లేకుండానే రక్తం పోతుంది, తల్లి నిద్రపోతోందని పక్కనున్న అత్తగారు అనుకుంటుంది. వాటిలో వరసగా రెండు సార్లు నర్సు రాలేకపోతే ఏం జరుగుతుందో మీకు మేం చెప్పక్కర్లేదు.

అమెరికాలోని పెన్సిల్వేనియా ఆస్పత్రుల మీద 2002లో వెలువడిన అధ్యయనం ఆపరేషన్ రోగుల్ని తీసుకుని చూసింది. నర్సుకు ఒక్క రోగి పెరిగిన కొద్దీ 30 రోజుల్లో చనిపోయే అవకాశం 7 శాతం పెరిగిందని తేల్చింది. మన నర్సింగ్ మండలి ప్రమాణం ప్రకారం బోధనాస్పత్రి జనరల్ వార్డులో 3 మంచాలకు ఒక నర్సు, మిగతా ఆస్పత్రుల్లో 5 మంచాలకు ఒకరు, సెలవుల కోసం ఇంకో 30 శాతం. మూడు షిఫ్టులకు పంచి చూసినా ఒక నర్సు చేతికింద 9 మంది, లేదా 15 మంది. 20 మంది అని ఏ ప్రమాణమూ చెప్పదు. ఖాళీ పోస్టులు నింపండి. నింపేదాకా ప్రసూతి సెలవులో ఉన్నవారిని డ్యూటీ చార్టులో ఉన్నట్టు చూపించడం ఆపండి.

4. నర్సు తల్లి కూడా అని గుర్తుపెట్టుకుని డ్యూటీ వేయండి.

పాలిచ్చే తల్లి సుమారు మూడు గంటలకోసారి పాలు పిండాలి, ఒక్కోసారికి 15 నుంచి 20 నిమిషాలు. 12 గంటల డ్యూటీలో నాలుగు సార్లు. కుదరకపోతే రొమ్ముల్లో పాలు గడ్డకట్టి, ఎర్రబడి, చలిజ్వరం వస్తుంది. రోజులు గడిచేకొద్దీ పాలు తగ్గిపోతాయి. ఇంట్లో బిడ్డ కోసం పిండిన పాలు 25 డిగ్రీల లోపు గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు నిలవ ఉంటాయి. అందుకు తలుపు గడియ పడే ఒక చిన్న గది, కుర్చీ, కొళాయి, పాలకు మాత్రమే వాడే ఒక చిన్న ఫ్రిజ్ చాలు. టీకాల ఫ్రిజ్‌లో, రక్తం శాంపిళ్ల ఫ్రిజ్‌లో పాలు పెట్టకూడదు, అయినా ఇంకో దారి లేక పెడుతున్నారు.

2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం 26 వారాల సెలవు ఇచ్చింది. 50 మంది, ఆపైన పనిచేసే చోట క్రెష్ (పసిపిల్లల్ని చూసుకునే చోటు) ఉండాలని, తల్లి రోజుకు నాలుగు సార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని చెప్పింది. బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి రెండు విరామాలు అంతకు ముందు నుంచే ఉన్నాయి. రాత్రి కూడా నడిచే సంస్థ ఆస్పత్రి. క్రెష్ సాయంత్రం ఆరింటికి మూస్తే నైట్ డ్యూటీ తల్లికి అది లేనట్టే. కాంట్రాక్టు గడువు ముగుస్తోందని ప్రసూతి సెలవు ఎగ్గొట్టడం కుదరదని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. కాంట్రాక్టు మధ్యలో గర్భం వస్తే రెన్యువల్ ఆపడం ఇకనైనా మానండి.

గర్భిణిగా ఉన్న నర్సుకు క్యాన్సర్ మందులు కలిపే పని, పోర్టబుల్ ఎక్స్‌రే తీసేటప్పుడు రోగిని పట్టుకునే పని, ఆటలమ్మ రోగి దగ్గర డ్యూటీ వేయకూడదు. ఆమె నోరు తెరిచి అడిగేదాకా ఆగకుండా, గర్భం సంగతి చెప్పిన రోజే చార్టు మార్చాలి.

యూనిఫాం గురించి కూడా. గుమ్మంలో అడుగుపెట్టగానే రెండేళ్ల పిల్లాడు పరుగెత్తుకొచ్చి నడుము చుట్టేసుకుంటాడు. వాడి ముఖం ఆనేది అప్రాన్ ముందు భాగానికే, ఆ రోజు వార్డులో మంచాలకు ఆనింది కూడా అదే. ఆస్పత్రిలోనే బట్టలు మార్చుకుని స్నానం చేసి వెళ్లేలా గది, లాకర్లు ఇవ్వండి. యూనిఫాంలు ఆస్పత్రి లాండ్రీలోనే, 71 డిగ్రీల వేడి నీళ్లలో 25 నిమిషాలు ఉతికించండి. ఇంటి బకెట్లో ఆ వేడి సాధ్యం కాదు. అంటువ్యాధి వార్డులో పనిచేసేవారికి డ్యూటీ ఉన్నన్నాళ్లూ వేరే బస, భోజనం ఏర్పాటు చేయండి.

5. జీతం.

సుప్రీంకోర్టు 2016 జనవరిలో ఇచ్చిన ఆదేశం మేరకు కేంద్రం వేసిన కమిటీ ప్రైవేటు ఆస్పత్రులకు స్పష్టమైన లెక్క చెప్పింది. 200 మంచాలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానం. 100 దాటితే ప్రభుత్వ జీతం కన్నా 10 శాతానికి మించి తగ్గకూడదు. 50 నుంచి 100 అయితే 25 శాతానికి మించి తగ్గకూడదు. 50 కన్నా చిన్నదైనా నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదు. దీన్ని అమలు చేస్తూ జీవో ఇవ్వండి, చేయని ఆస్పత్రికి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఆపండి. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు గుంజుకుని బాండు రాయించుకోవడం నిషేధించండి.

6. నర్సు చనిపోతే కుటుంబం ఎవరి దయ కోసమూ ఎదురుచూడకూడదు.

లినీ కుటుంబానికి సాయం అందింది. దేశమంతా ఆమె పేరు తలుచుకుంది కాబట్టి, ప్రభుత్వం స్పందించింది కాబట్టి. వార్డులో క్షయ సోకి, హెపటైటిస్ సోకి ఏళ్లతరబడి మంచం పట్టిన నర్సుల పేర్లు పత్రికల్లో రావు. 2020 మార్చిలో కొవిడ్ కోసం కేంద్రం 50 లక్షల రూపాయల బీమా ప్రకటించినప్పుడు కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సిబ్బందిని కూడా చేర్చింది. అంటే చేర్చడం సాధ్యమే. దాన్నే అన్ని అంటువ్యాధులకూ, శాశ్వతంగా వర్తింపజేయండి. జబ్బు డ్యూటీలోనే సోకిందని రుజువు చేసే భారం కుటుంబం మీద వేయకండి. ఆ రోగిని చూసిన రోజుల డ్యూటీ చార్టు, కేస్ షీటు మీద నర్సు సంతకం చాలని నిబంధనలో రాయండి. బతికి జబ్బుపడ్డవారికి కోలుకునేదాకా పూర్తి జీతంతో సెలవు, కాంట్రాక్టువారికి కూడా.

వీటిలో కొన్నిటికి బడ్జెట్ కావాలి, టైం పడుతుంది, మాకు తెలుసు. కొన్నిటికి ఒక సర్క్యులర్ చాలు. క్యాజువాల్టీ అల్మరాలో మందు, స్టోరు తాళం చెవి నైట్ హెడ్ నర్సు చేతికి, సూదుల డబ్బాలు, గర్భిణుల డ్యూటీ చార్టు, పాల గది. ఈ ఐదూ 30 రోజుల్లో చేయమని, మిగతావాటికి తేదీలతో కూడిన రాతపూర్వక జవాబు 90 రోజుల్లో ఇవ్వమని కోరుతున్నాం. జవాబు రాకపోతే నల్లబ్యాడ్జీలతో డ్యూటీ చేస్తాం. ఐసీయూ, లేబర్ రూమ్, క్యాజువాల్టీ, ఏ వార్డులోనూ పని ఆపం.

ఇంకొకటి, దీనికి రూపాయి ఖర్చు లేదు. ప్రతి వార్డు గుమ్మం దగ్గర ఒక బోర్డు పెట్టించండి. ప్రతి షిఫ్టు మొదట్లో రెండు అంకెలు సుద్దముక్కతో రాస్తాం: లోపల ఎంతమంది రోగులు, ఎంతమంది నర్సులు. రోగి బంధువులు చదువుకుంటారు, రౌండ్లకు వచ్చినప్పుడు మీరూ చదవండి. వచ్చే మే 21న మా ఆస్పత్రులకు వచ్చేవారు పూలదండ తెచ్చినా తేకపోయినా, ముందు ఆ బోర్డు దగ్గర ఆగండి.

ఇట్లు,
వార్డుల్లో పనిచేస్తున్న స్టాఫ్ నర్సులు, హెడ్ నర్సులు, కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ నర్సులు